చాక్లెట్ ఫ్రాపే: మూడేళ్లు ఇంట్లో చేశాక నా మాట

మూడేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం మా ఇంట్లో చాక్లెట్ ఫ్రాపే, అంటే ఐస్ వేసి మిక్సీలో తిప్పే చల్లటి చాక్లెట్ పానీయం, చేస్తున్నాను. మొదటి ఏడాదంతా ఒకటే గొడవ. రెండు గుక్కలు బ్రహ్మాండంగా ఉండేవి, ఆ తర్వాత పైన నురగ, అడుగున కోకో రంగు నీళ్లు. చిక్కటి పాలు పోశాను, కోకో పెంచాను, ఐస్‌క్రీం కూడా వేశాను. ఏం చేసినా అంతే. లోపం ఐస్‌లో ఉందని చాలా ఆలస్యంగా తట్టింది. నీళ్ల ఐస్ కరిగితే నీళ్లే కదా వచ్చేది!

అప్పటినుంచి ట్రేలో నీళ్లు పోయడం మానేసి, చాక్లెట్ పాలనే గడ్డ కట్టిస్తున్నాను. ఇద్దరికైతే 400 మి.లీ. పాలు, 3 టేబుల్ స్పూన్ల కోకో, 4 టేబుల్ స్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు. కలిపాక 250 మి.లీ. దాకా ట్రేలో పోసి రాత్రే ఫ్రీజర్‌లో పెడతాను, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచుతాను. పంచదార ఉంటుంది కాబట్టి ఈ ముక్కలు మామూలు ఐస్ అంత రాయిలా ఉండవు, మిక్సీ కూడా అంతగా కష్టపడదు. కరిగినా పర్వాలేదు, చాక్లెట్ పాలే.

కోకోని మాత్రం చల్లటి పాలలో వేయకండి. అందులో కొవ్వు ఉంటుంది, చల్లటి పాలలో సరిగా తడవక ఉండలు కడుతుంది. ముందు కోకో, పంచదార గిన్నెలో వేసి, నాలుగు స్పూన్ల మరిగే నీళ్లు పోసి చెంచాతో రుద్దండి. వెలిసిపోయినట్టుండే పొడి కాస్తా చూస్తుండగానే నల్లగా మెరిసే ముద్దవుతుంది. ఆ వాసనకే పిల్లలు వంటింట్లోకి వచ్చేస్తారు. ఈ ముద్దని పాలలో కలిపి రుచి చూస్తే తీపి కాస్త ఎక్కువైందే అనిపించాలి, ఎందుకంటే బాగా చల్లబడ్డాక నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది.

కోకో బదులు చాక్లెట్ బార్ కరిగించి చల్లటి పాలలో పోశాను ఒకసారి. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, కరిగేది 34 డిగ్రీల దగ్గర. చల్లదనం తగలగానే బిగుసుకుపోయి పంటికింద ఇసుకలా తగిలింది. బారే కావాలంటే వేడి పాలలో పూర్తిగా కరిగించి ఆ తర్వాతే ట్రేలో పోయాలి.

ఇంకోసారి తొందరలో వేడి కోకోని నేరుగా గాజు జార్‌లో పోసి వెంటనే ఐస్ వేశాను. టప్‌మని అడుగున పగిలింది. మంచి జార్ పోయిందని చాలా బాధేసింది. దయచేసి ఆ పని చేయకండి.

మిక్సీలో ముందు పాలు, పైన ముక్కలు. ఆపి ఆపి ఐదారుసార్లు తిప్పి, ఆ తర్వాత 20 సెకన్లు వదలండి. మొదట గడగడమంటుంది, కాసేపటికి ఆ చప్పుడు సన్నబడి ఒకే గుయ్‌లోకి వస్తుంది. అక్కడే ఆపేయాలి. ఇంకా నున్నగా రావాలని తిప్పితే జార్ వేడెక్కి పల్చబడిపోతుంది.

ఇబ్బంది ఒక్కటే, ముందు రోజే గుర్తుపెట్టుకోవాలి. వారానికి సరిపడా చేసి పెట్టుకుందామనుకుంటే ముక్కలకి ఫ్రీజర్ వాసన పట్టేస్తుంది. అందుకే గడ్డకట్టాక మూతున్న డబ్బాలోకి మార్చి, మూడు నాలుగు రోజుల్లో వాడేస్తున్నాను.