సీటు కింది సబ్‌వూఫర్‌తో నాలుగేళ్లు

అలిపిరి తనిఖీలో డ్రైవరు పక్కసీటు కింద చెయ్యి పెట్టిన సెక్యూరిటీ ఆయనకి చల్లగా ఒక అల్యూమినియం పెట్టె, దానికో ఎర్ర వైరు తగులుతాయి. "ఏంది సామీ ఇది?" అంటాడు. "పాటల పెట్టె సామీ" అని అన్నమయ్య కీర్తన ఒకటి పెట్టి చూపిస్తాను. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, మృదంగం తొప్పి దెబ్బ తెలియగానే పొమ్మంటాడు. కొండకి పోయిన ప్రతిసారీ ఇదే తంతు.

ఇది సబ్‌వూఫర్, అంటే బేస్ (పాటలోని లోతైన మోత) మోగించే స్పీకరు పెట్టె. 2021 ఉగాదికి మా స్విఫ్ట్ కారులో వేయించాను. పెద్ద 12 అంగుళాల డబ్బా వేయించొచ్చు గానీ డిక్కీ మొత్తం తినేస్తుంది. మే నెల వస్తే మాకు డిక్కీలో తోతాపురి, బంగినపల్లి క్రేట్లు పట్టాలి. ఇదేమో 8 అంగుళాల స్పీకరు, యాంప్లిఫయరు కూడా అందులోనే, ఎత్తు జానెడులో సగం కూడా లేదు. వైరింగ్ కిట్టు, కూలీ కలిపి నాకు 15,000 అయింది. అట్ట మీద 150 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది, లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవరు) 75 అని చిన్నక్షరాల్లో. నమ్మాల్సింది చిన్నక్షరాల్ని.

మొదటి ఆరు నెలలు మాత్రం చుక్కలు చూశాను. ఇంజిన్ రేజ్ చేస్తే చాలు, పాట వెనకాల కుయ్యిమని సన్నగా ఈల. ఇంజిన్ వేగంతో పాటు ఈలా పెరిగేది. బిగించిన షాపు వాళ్లు పెట్టెదే లోపమన్నారు. చివరికి చిత్తూరులో ఒక పాత ఎలక్ట్రీషియన్ కార్పెట్ ఎత్తి చూసి, "పెట్టె బాగానే ఉందన్నా, పని బాగలేదు" అన్నాడు. బ్యాటరీ వైరూ, స్టీరియో నుంచి పాట తెచ్చే ఆర్‌సీఏ వైరూ రెండూ ఒకే పక్క జతగా లాగేశారు. ఎర్తేమో రంగు పూసిన సీటు బోల్టుకి కట్టారు. ఆయన వైర్లు చెరో పక్కకి మార్చి, బాడీ మీద రంగు ఉప్పుకాగితంతో గీకి, తళతళలాడే ఇనుముకి ఎర్త్ బిగించాడు. బ్యాటరీ పక్కన ఫ్యూజు కూడా లేదు, జానెడు దూరంలో పెట్టాడు. ఆ రోజుతో ఈల పోయింది.

అదే ఏడు నవంబరు వానలకి మా వీధి ఏరైంది. కారు కార్పెట్ తడిసి ముద్దయింది. స్టార్ట్ చేయకముందే ఫ్యూజు పీకి, పెట్టె బయటికి తీసి వారం నీడలో ఆరబెట్టాను. బతికింది. అప్పటినుంచి దాని కింద రెండు రబ్బరు ముక్కలు వేసి కాస్త ఎత్తులో పెట్టాను.

ఇక సౌండు సంగతి. గంగమ్మ జాతరలో పలకలు మోగుతుంటే రొమ్ములో దడ పుడుతుందే, అది ఇందులో రాదు. చిన్న స్పీకరు తోసే గాలి ఎంతని? ఇది చేసే మేలు వేరే. బరువైన బేస్ దీనికి అప్పజెప్పి, స్టీరియోలో డోరు స్పీకర్లకి 80 హెర్ట్జ్ కిందుండే లోతు శబ్దాలు పోకుండా కోసేశాను. డోరు ప్లాస్టిక్ గరగర ఆగింది, గొంతులు తేటపడ్డాయి. వాల్యూమ్ ముందుకన్నా నాలుగు గీతలు తక్కువే పెడుతున్నాను. పెట్టె ఎన్ని హెర్ట్జ్ వరకు మోగాలో చెప్పే ఫిల్టరు దాని మీదే ఉంటుంది. అది మొదట 120లో ఉండేది, మగ గొంతు సీటు కిందనుంచి వచ్చినట్టు వినపడేది. 80కి దించాక బేస్ ఎక్కడినుంచి వస్తోందో చెవికి అందట్లేదు. ఫేజ్ స్విచ్చి అని ఒకటుంటుంది, పెట్టె మోత డోరు స్పీకర్ల మోతతో కలిసేలా 0, 180 డిగ్రీల మధ్య మార్చేది. చాలామంది ముట్టనే ముట్టరు. డ్రైవరు సీట్లో కూర్చుని ఒకే పాటకి అటూ ఇటూ మార్చి చూడండి, ఎటు వేస్తే దరువు నిండుగా ఉంటుందో అదే మీ కారుకి సరైనది. నాకు 180లో కుదిరింది.

ఆగి ఉన్న కారులో చాలనిపించిన బేస్, చిత్తూరు రోడ్డులో చంద్రగిరి దాటి గంటకి 80 కిలోమీటర్లలో పోతుంటే సగం మాయమవుతుంది. టైర్ల హోరు కూడా అదే శ్రుతిలో ఉంటుంది మరి. అందుకే బేస్ పెంచుకునే నాబ్ చేతికందేలా ఉన్న మోడలే కొనండి. అది లేనిది ఎంత చవకైనా వద్దు.

వెనక కూర్చునేవాళ్లకి కాళ్లు చాపుకునే చోటు పోతుంది, ఇది మా అమ్మ ఫిర్యాదు. "అరికాళ్ల కింద ఎవరో తడతా ఉండారురా" అని మొదట్లో కాళ్లు పైకి పెట్టుకునేది. ఇప్పుడు సీటెక్కి చెప్పులిప్పి, నొప్పి ఉన్న కాలు సీటు కిందికి తోసి, "ఆ తట్టేది పెట్టరా" అంటోంది.