కోబాల్టైటా, ఎరిత్రైటా?

రాళ్లు సేకరించేవాళ్లకి కోబాల్ట్ లోహం ఉన్న ఈ రెండు ఖనిజాల దగ్గర వచ్చే చిక్కు ఇది: ముందు ఏది కొనాలి?

పేరు: కోబాల్టైట్ పేరులోనే పిశాచి ఉంది. జర్మనీలో సాక్సనీ గనివాళ్లు వెండి ఆశతో ఇలాంటి రాళ్లను కాలిస్తే వెండి రాలేదు, ఆర్సెనిక్ అనే విషం పొగ మాత్రం ఊపిరాడనివ్వలేదు. గనుల్లో తిరిగే కోబోల్డ్ అనే అల్లరి పిశాచి పనే అనుకున్నారు. 1730ల్లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త గేయార్గ్ బ్రాంట్ అందులో కొత్త లోహం ఉందని తేల్చాక కూడా ఆ పిశాచి పేరే దానికి మిగిలింది. ఎరిత్రైట్‌ది చిన్న కథ. గ్రీకులో ఎరిత్రోస్ అంటే ఎరుపు, అంతే. గనివాళ్లు పెట్టిన ‘కోబాల్ట్ పువ్వు’ అన్న పేరే నాకు ఇష్టం.

రూపం: మొదటిది గులాబీ ఛాయ తగిలిన వెండి రంగు. రెండోది బీట్‌రూట్ రసం ఒలికినట్టు.

జాగ్రత్త: కోబాల్టైట్ గట్టిది. ఎరిత్రైట్ మీద గోరు గీసినా గీత పడుతుంది.

ఖర్చు: ఎరిత్రైట్ పలుచటి పూత చవకే, మొరాకోలోని బూ అజ్జెర్ గనుల స్ఫటికాలైతే జేబు ఖాళీ.

రిస్క్: రెండింట్లోనూ ఆర్సెనిక్ ఉంది. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, వేడి చెయ్యొద్దు.

పిల్లలకి కథ చెప్పాలంటే కోబాల్టైట్. అద్దాల బీరువాలో పెట్టి కదపకుండా చూసుకునేవాళ్లకి ఎరిత్రైట్.