పాతకాలపు బార్బర్ షాపు: కటింగ్‌కి అయిదుకి నాలుగు, గడ్డానికి రెండే

చిన్న ఊళ్లోని పాతకాలపు బార్బర్ షాపు అనగానే అందరూ గడ్డం గురించే మాట్లాడతారు. వేడి తువ్వాలు, బ్రష్షుతో నురగ, తోలుపట్టీ మీద కత్తి నూరుతున్న చప్పుడు, అబ్బో అదో వైభోగం అని. నా రివ్యూ ముందే చెప్పేస్తాను. షాపు మంచిదే, తప్పకుండా వెళ్లండి, కానీ వెళ్లేది కటింగ్ కోసం. గడ్డం మాత్రం ఇంట్లోనే గీసుకోండి.

ఇలా అంటే పాతకాలం అభిమానులకి కోపం వస్తుందని తెలుసు. ఒకప్పుడు ఈ షాపులు బతికిందే గడ్డాల మీద, ఆ మాట నిజమే. 19వ శతాబ్దంలో పెద్ద కత్తితో తన గడ్డం తాను గీసుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు కాబట్టి మగవాళ్లు వారానికి రెండు మూడు సార్లు షాపుకి వచ్చేవాళ్లు, జుట్టు కత్తిరించుకోవడం అప్పుడప్పుడూ జరిగే పని. అమెరికా షాపుల్లో అయితే రోజూ వచ్చేవాళ్లకి నురగ కలిపే మగ్గు ఎవరిది వాళ్లకే ఉండేది, దాని మీద బంగారు రంగు అక్షరాలతో పేరు, కొన్నిటి మీద వాళ్లు చేసే పని తాలూకు బొమ్మ కూడా వేయించుకునేవాళ్లు. గోడకున్న అరల్లో ఆ మగ్గులు చూస్తే ఊళ్లో ఎవరు ఏ పని చేస్తారో తెలిసిపోయేది. షాపులో అంతసేపు కూర్చుని కబుర్లు చెప్పుకునే అలవాటుకి కూడా అది కలిసొచ్చింది, రెండు రోజులకోసారి అదే మొహాలు కలుస్తుంటే మాటలు సాగక ఏమవుతాయి మరి.

ఆ గడ్డాల గిరాకీని దెబ్బ కొట్టింది జిలెట్. కింగ్ క్యాంప్ జిలెట్ వాడి పారేసే పల్చటి బ్లేడు రేజర్‌ని 1903లో అమ్మకానికి పెట్టాడు, 1904లో పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం దాదాపు 35 లక్షల రేజర్లు కొనేసరికి ఇంట్లో షేవింగ్ లక్షలమందికి అలవాటైపోయింది, యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఎవడు మానతాడు? మగ్గుల అరలు ఖాళీ అయ్యాయి. వారానికి మూడుసార్లు వచ్చే మనిషి నెలకోసారికి దిగాడు. షాపు నిలబడింది జుట్టు వల్లే. అది కూడా 1960ల్లో కుర్రాళ్లు జుట్టు పెంచడం మొదలుపెట్టేసరికి మళ్లీ కుదేలైంది, చాలా షాపులు మూతబడ్డాయి.

ఇంకో సంగతి, వైభోగం గురించి చెప్పేవాళ్లు ఇది చెప్పరు. ఆ యుద్ధకాలంలోనే సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్షుల వల్ల అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ కొందరికి పశువుల నుంచి అంటుకునే ఆంత్రాక్స్ జబ్బు వచ్చింది, కొందరు పోయారు కూడా. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. ఇప్పుడు అంత ప్రమాదం లేదనుకోండి. కానీ ఒకే కత్తి ఒకరి తర్వాత ఒకరికి వాడితే హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకునే అవకాశం ఉంది, గీటు కంటికి కనబడనంత చిన్నదైనా సరే. అంతగా షాపులోనే గడ్డం చేయించుకోవాలని ఉంటే కొత్త బ్లేడు మీ కళ్లముందే కాగితం విప్పి, సగానికి విరిచి కత్తిలో పెట్టాలి. పెట్టకపోతే మొహమాటపడకుండా అడగండి. నన్నడిగితే కుర్చీలో వెనక్కి వాలకముందే అడగడం మేలు, గొంతు మీద కత్తి పెట్టాక ఎవరికైనా మాట మెత్తబడుతుంది.

ఇక మెచ్చుకోవలసింది కుర్చీ. ఊరికే అనడం లేదు, ఆ షాపులో అసలు ఇంజనీరింగ్ అంతా అందులోనే ఉంది. అమెరికాలోని సెయింట్ లూయీలో ఎర్నెస్ట్ కోకెన్ లాంటి తయారీదారులు 19వ శతాబ్దం చివర్లో దాన్ని ఈ రూపానికి తెచ్చారు. పక్కనున్న లివరు నొక్కుతుంటే అడుగున నూనె వెళ్లి పిస్టన్‌ని లేపుతుంది, కుర్చీ కొంచెం కొంచెంగా పైకొస్తుంది, వాల్వు వదిలితే నూనె వెనక్కి పోయి మెల్లగా దిగుతుంది. అంత బరువు మనిషిని ఒక్క చేత్తో తనకి కావాల్సిన ఎత్తుకి తెచ్చుకోవడం వల్లే రోజంతా నిలబడి పనిచేసే బార్బర్ నడుం నిలబడింది. తర్వాత జపాన్‌లోని ఒసాకా కంపెనీ టకారా బెల్మాంట్ 1970 ప్రాంతంలో ఆ కోకెన్ కంపెనీనే కొనేసింది. పాత ఇనప కుర్చీ ఉన్న షాపు దొరికితే కూర్చుని చూడండి, పాదాలు పెట్టుకునే దగ్గర పోతపోసిన తయారీదారు పేరు బూట్ల రాపిడికి సగం అరిగిపోయి ఉంటుంది. కటింగ్ మధ్యలో కుర్చీ దానంతటది ఇంచు ఇంచు కిందికి జారుతోందంటే లోపల సీలు పోయినట్టు. అది మాత్రం బాగు చేయించుకోవాలి, అద్దంలో మన తల నెమ్మదిగా మునిగిపోతుంటే నవ్వు ఆపుకోలేం.

తర్వాత జుట్టు కత్తిరించే మిషన్. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం స్టెర్లింగ్‌లో లియో వాల్ 1919లో విద్యుదయస్కాంతం పిడిలోనే పెట్టి చేతిలో పట్టేలా చేసిన క్లిప్పర్ వారసులే ఇప్పటికీ చాలా షాపుల్లో మోగుతున్నవి. స్విచ్ వేయగానే టక్కుమని ఒక శబ్దం, తర్వాత గుయ్‌మనే మోత. పక్కనున్న స్క్రూ సరిగ్గా లేకపోతే ఆ మోత గరగరలాడుతుంది. మంచి బార్బర్ ముందు ఆ స్క్రూ సవరించి, రెండు చుక్కల నూనె వేసి, బ్లేడు వేడెక్కిందేమో తన ముంజేతికి ఆనించి చూసుకున్నాకే మీ మెడ మీదికి వస్తాడు. అది చేయని చోట మెడ మంటపుడుతుంది. మెడ వెనక దువ్వెన ఏటవాలుగా పెట్టి, దాని మీంచి కత్తెరతో జుట్టు పల్చన చేసుకుంటూ పైకి వెళ్లే పనితనం మాత్రం పాత షాపుల్లోనే బాగా చూశాను. కొత్తగా పెట్టిన సెలూన్లలో మిషన్‌కి తగిలించే దువ్వెనలాంటి గార్డు మార్చి మార్చి లాగేస్తారు, అంచు గీత అలాగే కనిపిస్తుంది.

బయట ఎరుపు తెలుపు చారల స్తంభం ఉందా లేదా అన్నది పట్టించుకోకండి. పూర్వం నెత్తురు తీయడం, పళ్లు పీకడం కూడా బార్బర్ల పనే, ఆ నెత్తురికీ కట్టుకీ గుర్తే ఆ చారలంటారు, ఇంగ్లాండులో 1540 నుంచి బార్బర్లూ సర్జన్లూ ఒకే సంఘం. 1745లో సర్జన్లు విడిపోయి వెళ్లారు, స్తంభం వీళ్ల దగ్గరే ఉండిపోయింది. చూడ్డానికి బాగుంటుంది, అంతే.

మీరు చూడాల్సింది అద్దం కింద ఉన్న నీలం నీళ్ల జాడీ. అది చాలాచోట్ల బార్బిసైడ్ అనే క్రిములను చంపే మందు, 1947 నుంచి ఉంది. దువ్వెన అందులో ముంచి తీసేస్తే చాలదు, పూర్తిగా మునిగి పది నిమిషాలు ఉండాలి. అందుకే ఒక్క దువ్వెనతో నడిపే షాపులో ఆ జాడీ అలంకారమే, కనీసం అయిదారు దువ్వెనలు మార్చి మార్చి వాడుతుంటే నమ్మొచ్చు. నీళ్లు మురికిపట్టి, వెంట్రుకలు తేలుతుంటే తలుపు దగ్గరే వెనక్కి తిరగండి.

మొత్తానికి కటింగ్‌కి అయిదుకి నాలుగు, కుర్చీకి అయిదుకి అయిదు, గడ్డానికి రెండు. కటింగ్‌లో పోయిన ఆ ఒక్క మార్కు వెయిటింగ్ వల్ల. అపాయింట్‌మెంట్ ఉండదు, ముందొచ్చినవాళ్లది ముందు, సెలవు రోజు వెళ్తే బెంచీ నిండి ఉంటుంది, పైగా కబుర్లకి వచ్చినవాళ్లెవరో కటింగ్‌కి వచ్చినవాళ్లెవరో తెలీదు. పనిదినం పొద్దున్నే, షట్టరు తీసే వేళకి వెళ్లండి.