పాత పాయింట్లా, ప్లగ్గుకో కాయిలా?

అంబాసిడర్, పద్మిని లాంటి పాత పెట్రోలు బండి మీద మోజుపడేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు. కొనేముందు దాని ఇగ్నిషన్, అంటే ఇంజిన్‌లో పెట్రోలును వెలిగించే ఏర్పాటు, సంగతి తెలుసుకోవడం మంచిది.

పాతదైనా కొత్తదైనా పని ఒకటే. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ అనే తీగచుట్ట వేల వోల్టులకు పెంచాలి, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి.

పాత బండిలో ఆ క్షణం డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉంటుంది. మూత తీస్తే లోపల స్విచ్చులా పనిచేసే చిన్న పాయింట్లు కనిపిస్తాయి. మధ్యలోని క్యామ్ అనే గుబ్బల ఇరుసు తిరిగేకొద్దీ అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు తెగి, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి హై వోల్టేజీ పుడుతుంది. దాన్ని రోటర్ అనే తిరిగే ముక్క వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది. పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లే. అవి కాలి నల్లబడినా, సందు మారినా ఇంజిన్ మిస్సింగ్ మొదలు, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండదు. వానాకాలం మూతలోకి చెమ్మ చేరితే స్టార్ట్ అవ్వడమే కష్టం. కానీ ఎమెరీ పేపరు, సందు కొలిచే ఫీలర్ గేజీ ఉంటే రోడ్డు పక్కనే సరిచేసుకోవచ్చు, అది నాకు చాలా నచ్చుతుంది.

ఇప్పటి చాలా కార్లలో ప్లగ్గు నెత్తినే కాయిల్ కూర్చుంటుంది. ఇంజిన్ ఇరుసు ఎక్కడుందో చెప్పే క్రాంక్ సెన్సార్ సమాచారంతో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, టైమింగ్ చూసుకుంటుంది. అరిగే పాయింట్లు లేవు. కాయిల్ పోతే మాత్రం మార్చడమే. అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు వేసి చూడమని మెకానిక్‌తో అనండి, మిస్సింగ్ కూడా అటే వెళ్తే దోషం దానిదే. ఆ పరీక్ష చేయకుండా నాలుగూ మార్చేద్దామంటే ఒప్పుకోకండి.

రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు కొత్తదే మేలు. ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద సరదాగా తిప్పడానికైతే పాతది తీసుకోండి, డిక్కీలో ఒక జత పాయింట్లు, పాయింట్లు త్వరగా కాలకుండా కాపాడే ఒక కండెన్సర్ మాత్రం ఎప్పుడూ పెట్టుకోండి.