కమిషన్ ఆర్డర్ ఎదురు తిరిగితే: హైకోర్టు రిట్టా, కొత్త దరఖాస్తా?

ఆర్టీఐలో (సమాచార హక్కు చట్టం కింద) సమాచార కమిషన్ దగ్గర వేసిన రెండో అప్పీలు కూడా పోయాక బెంగళూరులో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఇక హైకోర్టేనా?" అని. సమాచార కమిషన్ ఉండే మాహితీ సౌధ దేవరాజ్ అర్స్ రోడ్డులో ఉంది. హైకోర్టు ఎర్ర భవనం అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరమే. కోపంలో ఉన్నవాళ్లకు కాళ్లు అటే లాగుతాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలామందికి కొత్త దరఖాస్తే మేలు. రిట్, అంటే కమిషన్ ఆర్డర్ మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్, పనికొచ్చే సందర్భాలు తక్కువ. కానీ అవి వచ్చినప్పుడు వెనకాడకూడదు.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 23 సివిల్ కోర్టు దారి మూసేసింది. మిగిలింది రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు. ఆ అధికారాన్ని ఏ చట్టంతోనూ తీసెయ్యడం కుదరదని 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ తేల్చింది. అయితే రిట్ అంటే మూడో అప్పీలు కాదు. కమిషన్ సాక్ష్యాన్ని సరిగ్గా తూచిందా లేదా అని జడ్జిగారు మళ్లీ మొదటి నుంచి చూడరు. అధికార పరిధి దాటారా, మీ మాట వినకుండా తేల్చేశారా, ఆర్డర్ చదవగానే కనపడే చట్టపరమైన తప్పు ఉందా, ఇవే చూస్తారు. ఈ గీత కొత్తదేమీ కాదు. మద్రాసు–చిదంబరం బస్సు పర్మిట్ల తగాదా సయ్యద్ యాకూబ్ కేసుగా సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడే ఇది స్థిరపడింది.

మరో తేడాని చాలామంది గమనించరు. కమిషన్ ముందు ఉన్నంతసేపు, సమాచారం ఎందుకు ఇవ్వలేదో నిరూపించుకోవాల్సిన భారం సెక్షన్ 19(5) ప్రకారం అధికారిదే. హైకోర్టు మెట్లెక్కాక తప్పు ఎక్కడుందో మీరు చూపించాలి. అమెరికాలో అలా కాదు. అక్కడ ఫెడరల్ కోర్టు వివాదాన్ని కొత్తగా వింటుంది, భారం ప్రభుత్వ సంస్థ మీదే ఉంటుంది, అవసరమైతే జడ్జి కాగితాలు తెప్పించుకుని తన గదిలో చదువుతారు. మనకీ అలాంటి అప్పీలు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ప్రస్తుతానికి లేదు.

మరి రిట్ ఎప్పుడు వేయాలి? మా అపార్ట్‌మెంట్‌లో కడప జిల్లా పెద్దాయన ఒకరు తన ఆర్డర్ కాపీ తెచ్చి చూపించారు. ఒక సంస్థ నుంచి ఆయన అడిగినవి ఆరు కాగితాలు, వచ్చినవి రెండు. ఆర్డర్‌లో ఉన్నదల్లా, "సమాచారం ఇచ్చినట్టు అధికారి తెలిపారు, అప్పీలు ముగిసింది" అన్న మాటే. మిగతా నాలుగింటి ఊసే లేదు. "ఇదేం తీర్పు బాబూ, నా పేరు తప్ప నా గోడు ఏదీ?" అన్నారాయన. కారణాలు రాయని ఆర్డర్ హైకోర్టులో నిలబడడం కష్టం, అలాంటి చోట రిట్‌కి బలముంది. అయినా చేతికొచ్చేది ఆ నాలుగు కాగితాలు అనుకోకండి. ఎక్కువ సార్లు ఆర్డర్ కొట్టేసి, మళ్లీ విచారించమని కేసుని కమిషన్‌కే పంపుతారు.

చట్టాన్నే తప్పుగా చదివిన చోట రిట్‌కి బలం ఇంకా ఎక్కువ. "విచారణ నడుస్తోంది, ఇవ్వం" అనడం ఇందుకు మంచి ఉదాహరణ. సెక్షన్ 8(1)(హెచ్) ఉన్నది విచారణకి అడ్డు తగిలే సమాచారానికే గానీ, విచారణ ఉందన్న ఒక్క కారణానికి కాదని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు కర్ణాటక హైకోర్టుని కట్టిపడేయదు, కానీ వాదనకి ఆసరా. ఇక రెండో అప్పీలు ఏళ్లూ పూళ్లూ పడి ఉంటే, ఫలానా గడువులో తేల్చమని కమిషన్‌కి ఆదేశం కోరవచ్చు. మొదటి అప్పీలుకి 30 రోజులు, మించితే 45 అని చట్టంలో ఉంది. రెండోదానికి గడువే పెట్టలేదు. ఆ లోటు పూడ్చేది హైకోర్టే కాబట్టి, నా దృష్టిలో రిట్‌కి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ఇవేవీ మీ కేసులో లేకపోతే పది రూపాయల దారి, అంటే ఆ ఫీజుతో కొత్త దరఖాస్తు, చూడండి. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. ఆంధ్రాలో పంచాయతీ స్థాయిలో ఫీజే లేకుండా అడిగి అలవాటైనవాళ్లకి ఇది చిరాగ్గా ఉంటుంది, కానీ అది మన మేలుకే. అదే ప్రశ్న మళ్లీ వేస్తే పాత ఆర్డర్ చూపించి పంపేస్తారు, కాబట్టి ప్రశ్న మారాలి. "మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు?" అంటే జవాబు రాదు. ఎందుకని అడిగేది సమాచారం కాదు, ఫైల్లో లేనిదాన్ని తయారుచేసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టే 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. "ఫలానా రోడ్డు పనికి వర్క్ ఆర్డర్, మెజర్‌మెంట్ బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లుల కాపీలు, ఫైలు నోటింగ్స్ (ఫైల్లో అధికారులు రాసిన మాటలు)" అని అడగండి. దానితోపాటు ఫైలు తనిఖీ కూడా కోరండి. ఎదురుగా కూర్చుని ఫైలు తిప్పితే ఏ కాగితం లేదో మీకే తెలుస్తుంది. బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి 2025లో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి ఫైలు ఎక్కడుందన్న టెన్షన్ ఒకటి. తప్పు ఆఫీసుకి వెళ్లినా అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలని సెక్షన్ 6(3) చెబుతోంది.

అప్పీలు కాకుండా కమిషన్‌కి నేరుగా చేసే సెక్షన్ 18 ఫిర్యాదు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. దాంతో అధికారికి జరిమానా పడవచ్చు, రోజుకి 250, మొత్తం 25,000 వరకు. కాగితం మాత్రం రాదు, దానికి సెక్షన్ 19 అప్పీలే దారి అని 2011 మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆర్డర్ మీ పక్షాన వచ్చి, ఆ శాఖే హైకోర్టుకి వెళ్తే ఎంచుకునేది ఏమీ ఉండదు, వెళ్లి వాదించాల్సిందే. కమిషన్ వాదిస్తుందిలే అనుకోవద్దు. కర్ణాటక హైకోర్టు ఆఫీసులోని సమాచార అధికారి గెలిచిన ఒక కేసులో కర్ణాటక కమిషనే సుప్రీంకోర్టుకి వెళ్తే, 2013లో ఆ పిటిషన్ కొట్టేసి లక్ష రూపాయల ఖర్చులు వేశారు. నోటీసు అందగానే లాయర్ని పెట్టుకుని వకాలత్ వేయండి, లేదా మీరే హాజరవ్వండి. మీ మాట వినకుండా స్టే ఇచ్చి ఉంటే, 226(3) కింద దాన్ని ఎత్తేయమని వెంటనే దరఖాస్తు పెట్టండి. దాన్ని రెండు వారాల్లో తేల్చాలని రాజ్యాంగంలోనే రాసి ఉంది.