కోరంగి మడ మొలకలకు నెట్‌లోగో: కొన్నేళ్ల వాడకం తరువాత

యూరి విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగో, ఒక్కో జీవికి నియమాలు రాసి వాటి నమూనాను కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్. అది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుండి ఉచితంగా లభిస్తుంది. గోదావరి డెల్టా మడ అడవుల నమూనాల కోసం దానిని కొన్నేళ్లుగా వాడుతున్నాను. మొక్క ఎలా పెరుగుతుందో చూపడం దీనిలో తేలిక. మొలక ఎక్కడ నిలదొక్కుకుంటుందో, ఎక్కడ కొట్టుకుపోతుందో చూపడం మాత్రం పూర్తిగా మన బాధ్యత.

పెరుగుదల సంగతి త్వరగా చెప్పవచ్చు. వ్యాసం, ఎత్తు గరిష్ఠానికి చేరువయ్యే కొద్దీ చెట్టు ఎదుగుదల మందగించే 1972 నాటి ‘జాబోవా’ అడవి నమూనాలోని సమీకరణం కొద్ది పంక్తులలో ఒదిగిపోతుంది. ఉప్పదనానికి, నీడకు సున్నా నుండి ఒకటి వరకు ఉండే గుణకాలను దానికి జోడిస్తే తెల్లమడ ఒక తీరున, మరో మడ జాతి తిల్ల మరొక తీరున పెరుగుతాయి. ఒక్క జాగ్రత్త అవసరం. ‘ఆస్క్’ ఆదేశం చెట్లను యాదృచ్ఛిక క్రమంలో ఒక్కొక్కటిగా పిలుస్తుంది కనుక, పిలిచిన చెట్టును అప్పటికప్పుడే పెంచేస్తే, దాని తరువాత వంతు వచ్చిన పొరుగు చెట్టు ఆ పెరిగిన నీడను కూడా భరించవలసి వస్తుంది. అందువల్ల ముందుగా అన్ని చెట్ల మధ్య పోటీని లెక్కగట్టి, ఆ తరువాతే అన్నింటినీ పెంచాలి.

అసలు చిక్కులు మొలకల దగ్గర మొదలవుతాయి. తెల్లమడ కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తి, రాలిన తరువాత పోటు, పాటులతో తేలుతూ సాగుతుంది. నెట్‌లోగో ప్రపంచం అంచులు మొదట్లో ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, తూర్పున సముద్రంలోకి దాటిన కాయ పడమట ఊరి వైపు గట్టు మీద తేలుతుంది. ఆ అతుకు తీసేసినంత మాత్రాన పని పూర్తికాదు. ముందుకు కదలమన్న కాయలు అంచు దగ్గర ఆగిపోయి, లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకున్నట్లు వరుసగా పోగుపడతాయి. అక్కడ దట్టమైన మడవనం పుట్టుకొచ్చిందని చూసేవారు పొరబడవచ్చు. కదిలే ముందు ‘కెన్-మూవ్?’ అని పరీక్షించి, చోటు లేని కాయను నమూనా నుండి తొలగించాలని రాసుకుంటే ఈ బెడద తీరుతుంది.

కాలం లెక్క ఇంకా సున్నితమైనది. నెట్‌లోగోలో కాలం వేసే ఒక్కో అడుగు ‘టిక్’. అది రోజా, ఏడాదా అన్నది మనమే నిర్ణయించుకోవాలి. జాబోవా లెక్క ఏడాదికొకసారి సాగితే చాలు. బురదలో దిగిన కాయకు మాత్రం వేరు పట్టేదాకా పోటు నీరు కదిలించని కొన్ని రోజులు వరుసగా దొరకాలి. ఏడాదిని ఒకే టిక్‌గా తీసుకుంటే ఆ కొద్ది రోజుల జీవన్మరణ సమస్య ఒక సగటు సంఖ్యలో కలిసిపోతుంది. అందుకే కాయలు రాలే కాలానికి మాత్రం రోజువారీ చక్రాన్ని విడిగా రాసుకుని, పెరుగుదలను ఏడాది లెక్కలోనే ఉంచుతున్నాను. గోదావరి మడ అడవులలో ఉప్పు పేరుకుపోయిన ఖాళీ నేలలకు పోటు నీరు అందించేందుకు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటారు. అటువంటి కాలువను నమూనాలోని నేల గళ్ల (‘ప్యాచ్‌ల’) మీద గీసి చూసినప్పుడు, మొలకల బతుకు కాలువకు ఎంత దూరం అన్నదాని కంటే నేల ఎత్తు మీదే ఎక్కువగా ఆధారపడినట్లు నా నమూనాలో కనిపించింది. సగటు లెక్కలో ఈ తేడా బయటపడేది కాదు.

వేగం దీని బలహీనత. ప్రతి చెట్టూ ‘ఇన్-రేడియస్’తో పొరుగు చెట్లను వెతుక్కోవడం వల్ల, మొలకల సంఖ్య పెరిగే కొద్దీ కంప్యూటర్ నీరసిస్తుంది. ఒక కాలువ గట్టు వెంట చిన్న మడికి ఇది చక్కగా సరిపోతుంది కానీ, కోరంగి అభయారణ్యం మొత్తానికి దీనిని ఎంచుకోమని ఎవరికీ చెప్పను. కాయల ప్రయాణం యాదృచ్ఛికం కనుక నమూనాను ఒక్కసారి నడిపిన పరుగు ఫలితాన్ని నమ్మకూడదు. పలు పరుగులను నెట్‌లోగోలోని ‘బిహేవియర్‌స్పేస్’ అనే పనిముట్టు తానే నడిపి ఫలితాలను ఫైలులో పెడుతుంది. అందులో ‘స్ప్రెడ్‌షీట్’ రూపం అన్ని పరుగులూ ముగిశాక గానీ ఫైలు రాయదు. ‘టేబుల్’ రూపం ఎప్పటికప్పుడు రాస్తూ పోతుంది. గాలివానకు కరెంటు పోయే మా వైపు వారు రెండవదానినే ఎంచుకోవడం మేలు.