ఉచిత లాయరు సేవ: మధ్యంతర భరణం కోసం వెళ్లిన నా అనుభవం

మా ఆయన వేసిన విడాకుల కేసు నోటీసు అందిన రోజు నా దగ్గర 2 వేల రూపాయలే ఉన్నాయి. పాప స్కూల్ ఫీజు బాకీ. మొదట కలిసిన లాయరు 30 వేలు అడ్వాన్సు అడిగి, భరణం డబ్బు సంగతి తీర్పు వచ్చాక చూద్దామన్నారు. ఆ మాట తప్పని తర్వాత తెలిసి ఎంత బాధపడ్డానో.

పక్కింటి అక్క చెబితే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేసి, కోర్టులోనే ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు.

నాకు ఇచ్చిన లాయరు మేడమ్ హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణానికి (అంటే కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చే డబ్బు), కేసు ఖర్చులకి, 26 కింద పాప కస్టడీకి, చదువుకి పిటిషన్లు వేశారు. ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే పత్రం) దగ్గర నాతో 2 గంటలు కూర్చున్నారు. అద్దె, పాలు, ఆటో, పాప మందులు, అన్నీ రాయించారు. ఇద్దరూ ఈ అఫిడవిట్ ఇవ్వాలని 2020లో రజనేష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆయన జీతం స్లిప్పులు బయటికొచ్చాయి.

వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, అవతలివాళ్ల వాయిదాలతో 5 నెలలు పట్టింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. కానీ నెలకు 12 వేలు పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టారు. పాప నా దగ్గరే. నెలలో రెండు ఆదివారాలు నాన్న దగ్గరికి వెళ్తుంది, అది నాకూ ఇష్టమే.

వెళ్లేటప్పుడు ఆధార్, పెళ్లి ఫొటో, ఫీజు రసీదులు పట్టుకెళ్లండి.